స్టీలు గొట్టం మీద తుప్పు

నా పెళ్ళయ్యేనాటికే మా ఆయనకు లారీ ఉంది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పెట్రోలు బండి అది. ఎన్ని చేతులు మారి మాచర్ల చేరిందో ఆయనకే తెలియదు. ఇంజను, చట్రం పాతవి. వెనక బాడీ, డ్రైవరు కూచునే క్యాబిను నరసరావుపేట వడ్రంగులు చెక్కతో కట్టినవి. క్యాబినుకు సగం తలుపులే ఉండేవి. పై సగానికి వానొస్తే గోనెపట్టాలు దించుకోవాలి. వెళ్ళేటప్పుడు సత్తెనపల్లి వైపు నాపరాళ్ళు, వచ్చేటప్పుడు సాగరు డ్యాముకు సిమెంటు. అదీ ఆయన పని.

మా అత్తమ్మ చిన్నప్పటి నుంచి నాపరాళ్ళ క్వారీలోనే బతికిన మనిషి. భుజం మీద రాయి మోసీ మోసీ ఆమె మెడ ఒక పక్కకు ఒరిగిపోయింది. కొడుకు లారీ కొన్నాక ఆమెకు పట్టపగ్గాలు లేవు. పని ఉన్నా లేకపోయినా ఎక్కి కూచునేది. "ఇన్నాళ్ళూ రాళ్ళని నేను మోశా. ఇప్పుడు రాళ్ళతో పాటు నన్ను కూడా మోస్తంది ఈ బండి" అని కనపడినవాళ్ళందరికీ చెప్పేది.

మా ఆయనకు ఆ లారీ అంటే ప్రాణం. ఆదివారం గుడిలో ప్రార్థనయి రాగానే లుంగీ ఎగ్గట్టి బండి కడిగేవాడు. అన్నిటికన్నా ఆయనకు పడనిది సైలెన్సర్ గొట్టం మీద తుప్పు. ఆ గొట్టం కాలుతుంది, వాగులు దాటేటప్పుడు తడుస్తుంది, మళ్ళీ కాలుతుంది. వారం తిరిగేసరికి ఎర్రమట్టి పూసినట్టు అయ్యేది. ఆయన వెల్లకిలా పడుకుని గరుకు కాగితంతో రుద్ది, దాని మీద వెండి రంగు వేసేవాడు. కనపడే చోట్లన్నిటా తళతళలాడేది.

"బండి కింద ఎవరు చూత్తారయ్యా?" అని నేను నవ్వితే, "దేవుడు చూత్తాడే" అనేవాడు.

బండెక్కితే నాకు తలనొప్పి వచ్చేది. కణతలు కొట్టుకునేవి, కడుపులో తిప్పేది. దిగి కాసేపు గాలికి నిలబడితే తగ్గేది. పెట్రోలు వాసన పడటం లేదని ఆయన అన్నాడు. అత్తమ్మ మాత్రం నా మొహంలోకి మొహం పెట్టి చూసి, కొడుకు వినకుండా అడిగింది.

"ఏమే అమ్మాయ్, నెల తప్పిందా?"

"తెలీదత్తమ్మా. ఇంకా నాలుగు రోజులుంది."

"నాకు తెలుసులే. నా కొడుకు కడుపులో పడ్డప్పుడూ ఇట్టాగే తిప్పేది."

ఆ రోజు నుంచి నా చేత బిందె ఎత్తించలేదు. కొంగున చింతకాయ ముక్కలు కట్టుకుని తిరిగేది, నాకు నోరు చేదైతే పెట్టటానికి.

మా ఆయనకు ఒక్కతే అక్క. రాజుపాలెంలో కాపురం. ఆమెకు చిన్నవాడు పుట్టాడు, బాప్తిస్మానికి రమ్మని కబురొచ్చింది. మా ఆయన రాళ్ళు వేసుకుని పోతూ నన్ను, అత్తమ్మను రాజుపాలెంలో దింపాడు. ఆ ప్రయాణం కోసమని ముందురోజే గొట్టానికి కొత్తగా రంగు వేశాడు. బాప్తిస్మం బాగా జరిగింది. మర్నాడు తిరుగు బండిలో సిమెంటు బస్తాలతో వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. వదిన చంటివాణ్ణి అత్తమ్మ చేతికిచ్చి ముద్దు పెట్టించి మళ్ళీ తీసుకుంది. "పైనెలలో వచ్చి ఉండవే అమ్మా" అంది. వస్తానంది అత్తమ్మ.

పిడుగురాళ్ళ దాటేసరికి వాన అందుకుంది. టార్పాలిను సిమెంటు మీద ఉంది. క్యాబినుకు గోనెపట్టాలు దించాం. గురజాల దాటాక వాగు చప్టా మీద నీళ్ళు పొర్లుతున్నాయి. మా ముందు రెండు ఎడ్లబళ్ళు ఆగి ఉన్నాయి. ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

"ఈ తడికి ఆపితే మళ్ళీ అంటుకోదు. హ్యాండిలు తిప్పీ తిప్పీ రెక్కలు పోతయ్" అన్నాడు. నెత్తిన గోనె కప్పుకుని, వెనక బస్తాల మీద వస్తున్న మా క్లీనరు ముసలాయనతో కలిసి నీళ్ళ మట్టం చూడటానికి వాగులోకి దిగాడు.

అత్తమ్మ కాళ్ళు ముడుచుకుని మూలకు ఆనుకుంది. "ఆపకపోవటమే మంచిదయింది. కాళ్ళ కింద ఎచ్చగా ఉంది" అంది. నిజమే, పాదాల కింద చెక్క వెచ్చగా ఉంది. బయట వాన, లోపల వెచ్చదనం. ఆమె వదిన కొడుకు గురించి మాట్లాడుతూ ఉంది. ముక్కు తాతదేనంది. మాటలు మెల్లగా సాగి సాగి వస్తున్నాయి. నాకు తల పగిలిపోతోంది. వాంతి వచ్చేట్టుందని చెప్పి తలుపు తీశాను.

"వానలో దిగమాకే. తడిస్తే జొరం వత్తది. కడుపుతో ఉన్నదానివి..."

అదే ఆమె నాతో అన్న ఆఖరు మాట.

కింద కాలు పెడితే కాళ్ళు నిలవలేదు. బురదలో పడ్డాను. చేతుల మీద పాక్కుంటూ రోడ్డు వారకు పోయి కక్కుకున్నాను. లేవటానికి ఓపిక లేక అక్కడే తుమ్మచెట్టు మొదలుకు ఆనుకుని వానలో కూచున్నాను. చల్లటి నీళ్ళు నెత్తి మీద పడుతుంటే మెల్లగా కళ్ళు తేటపడ్డాయి. ఎంతసేపు కూచున్నానో చెప్పలేను. వాన సన్నబడింది. ఎడ్లబళ్ళు కదిలాయి. మా ఆయన వాగులోంచి ఎక్కి వస్తూ నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందే, ఇక్కడ కూచున్నావు? అమ్మేది?"

"నిద్రపోతన్నట్టుంది."

ఆయన ఎక్కి, "అమ్మా, కాస్త జరుగు" అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఆ తర్వాత ఆయన నోట్లోంచి వచ్చింది మాట కాదు.

పట్టాలు ఎత్తేసి, బండి తిప్పి గురజాల తీసుకుపోయాం. ఆమె తల నా ఒళ్ళో ఉంది. గాలికి జుట్టు ఎగురుతుంటే బతికే ఉందనిపించేది. డాక్టరు నాడి చూసి, పెద్దవయసు, గుండె ఆగిందని చెప్పాడు. మాచర్లలో స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళంతా ఒకటే మాట. ఆ మొహం చూడండమ్మా, ఎంత కళగా ఉందో అని. ఎండకు మాడి నల్లబడ్డ మనిషి పెదాలు తమలపాకు నమిలినట్టు ఎర్రగా ఉన్నాయి. గోళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. కష్టపెట్టకుండా నిద్రలోనే ప్రభువు తీసుకున్నాడని పాస్టరుగారు సమాధి దగ్గర చెప్పారు. ఒకామె నా పొట్ట మీద చెయ్యి వేసి, "పెద్ద ప్రాణం పోయింది, చిన్న ప్రాణం వత్తంది. ఏడవమాక" అంది.

వారం తిరక్కుండానే నేను ముట్టయ్యాను. ఆ సంగతి చెప్పుకోవటానికి ఇంట్లో ఆడదిక్కు లేదు.

తర్వాత కొన్నాళ్ళకు సైలెన్సరు మోత ఎక్కువైంది. నరసరావుపేటలో మా ఆయనకు తెలిసిన వెల్డింగు సాయిబు ఉండేవాడు. మా పిన్నిని చూడటానికని నేనూ ఆ రోజు బండిలో వెళ్ళాను. అంగడి ముందు బల్ల మీద కూచున్నాను. సాయిబు బండి కిందకు దూరి, స్క్రూడ్రైవరుతో గొట్టాన్ని ఒక చోట తట్టాడు. మోత రాలేదు. గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది.

"తమ్ముడూ, ఇట్టా రా" అని పిలిచాడు. "ఇది గొట్టం కాదు, రంగు. ఉత్త రంగే గొట్టం మాదిరి నిలబడి ఉంది."

మా ఆయన కూడా కిందకు దూరాడు. అడుగు వైపు, పక్కల రుద్దిన చోటంతా గట్టిగానే ఉంది. పై వైపు, క్యాబిను అడుగు చెక్కకు ఆనుకుని చెయ్యి దూరని చోట, అరచెయ్యంత మేర తినేసింది. అక్కడ తుప్పు మీద తుప్పు పొరలుగా లేచి ఉంది. ఆ పైన చెక్కల మధ్య సందు. సందులో మసి.

సాయిబు బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "ఈ పక్కన ఎవరన్నా కూచుంటన్నారా?"

"మా అమ్మ కూచునేది."

"కూచునేది అంటే?"

"పోయింది భాయ్. వాగు కాడ బండి ఆపి ఉంటే, నిద్రలో పోయింది."

"ఇంజను ఆపావా?"

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. సాయిబు ఆ మొహం చూసి ఇంకేమీ చెప్పకుండా ఉంటే బాగుండేది. కానీ ఆయన మంచి మనిషి, దాచటం తెలియదు. పొగ ఉత్త వాసనే కాదని, మూసిన చోట అది మనిషిని నిద్రపుచ్చి చంపుతుందని చెప్పాడు. గుంటూరులో తనతో పనిచేసినాయన షెడ్డు తలుపులేసుకుని ఇంజను పరీక్ష చేస్తూ అట్లాగే పోయాడట. "ఆయన పెదాలు కూడా ఎర్రగా ఉన్నయ్ తమ్ముడూ" అన్నాడు.

మా ఆయన నా వైపు తిరిగాడు. "నీకు తలనొప్పి వచ్చేదిగా?" అన్నాడు. నేను తల ఊపాను. ఆయన లేచి అంగడి వెనక్కు పోయాడు. గోడకు తల బాదుకున్న చప్పుడు వినిపించింది. సాయిబు వెళ్ళి పట్టుకున్నాడు.

వదినకు చెప్పొద్దన్నాను. గుండె ఆగిందనే అనుకోనీ, ఎవరికి నష్టం అన్నాను. ఆయన వినలేదు. తిరుగుదారిలో రాజుపాలెంలో ఆగి, వదిన ఎదుట నేల మీద కూచుని అంతా చెప్పాడు. ఆమె చంటివాడికి పాలిస్తూ విన్నది. వాణ్ణి పక్కన పడుకోబెట్టి, రవిక ముడి వేసుకుని అప్పుడు మాట్లాడింది.

"కనపడే కాడల్లా రుద్దావు, రంగేశావు. అమ్మ కూచునే కాడ చూసుకోలా."

"అక్కా..."

"నన్ను అక్కా అనమాకరా. ఇంక నా గడప తొక్కమాక."

ఆయన తొక్కలేదు. ఏళ్ళ తరబడి ఆ ఊరి మీదుగానే పోతూ ఆగేవాడు కాదు. ఆ మలుపు వచ్చేసరికి తల మాత్రం వంచుకునేవాడని క్లీనరు ముసలాయన నాతో చెప్పాడు.

సాయిబు వేసిన కొత్త గొట్టం గట్టిదే. అయినా మా ఆయన క్యాబిను తలుపులు పీకించేశాడు. గోనెపట్టాలు తీసి పొయ్యిలో పెట్టాడు. వెనక చెక్క కూడా కోయించి గాలి ఆడేట్టు చేశాడు. ఎండాకాలం వడగాలి, వానాకాలం జల్లు అన్నీ ఆయన ఒంటి మీదే. ఎవరన్నా ఎక్కుతామంటే, ఎంత తెలిసినవాళ్ళయినా, రాళ్ళ మీద కూచోమనేవాడు. నన్ను అసలు ఎక్కనిచ్చేవాడు కాదు. రెండు వానాకాలాలు తడిసేసరికి దగ్గు పట్టుకుంది.

ఒకసారి మిరపకాయల లోడుతో మద్రాసు పోయి, పాత ఇనప సామాను బజారులో ఒక స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం కొనుక్కొచ్చాడు. ఏదో ఫ్యాక్టరీ కూలగొడితే వచ్చిందట. పంచెలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. అప్పటికి మా వీధిలో స్టీలు గ్లాసు కూడా లేదు. అందరూ వచ్చి నిమిరి చూశారు. "ఏందయ్యా, దీన్ని పొగ గొట్టానికి వాడతావా? గిన్నెలు చేయించుకోక" అని పక్కింటి పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది.

"దీనికి తుప్పు పట్టదంట పెద్దమ్మా" అన్నాడు ఆయన. అత్తమ్మ పోయాక ఆయన గొంతులో అంత హుషారు నేను వినలేదు.

సాయిబు గుంటూరు నుంచి వేరే వెల్డింగు కడ్డీలు తెప్పించి మరీ అతికాడు. ఎండాకాలమంతా గొట్టం అద్దంలా ఉంది. వేడికి అక్కడక్కడా పసుపు, నీలం డాగులు వచ్చాయి గానీ అవి మామూలేనట. వానలు పడ్డ మొదటి వారంలో ఒక ఉదయం ఆయన బండి కింది నుంచి కేకేశాడు.

"ఏమే, ఇట్టా రా. తొందరగా రా."

వంగి చూశాను. అతుకు వెంబడి గోధుమరంగు చారలు. చుట్టూ రాగిపిండి చల్లినట్టు చుక్కలు. ఆయన చూపుడువేలితో ఆ చుక్కల్ని గీకుతున్నాడు. నా చెయ్యి పట్టుకుని, "ఇది కూడా పట్టింది. చూశావా, దీనిక్కూడా పట్టింది" అని అదే మాట అంటున్నాడు.

క్వారీలో లోడు వదిలేసి, ఖాళీ బండితోనే నరసరావుపేట పోయాడు. ఆయన ఉన్న తీరు చూసి భయపడి నేను రాళ్ళు లేని బాడీలో ఎక్కి కూచున్నాను, వద్దన్నా దిగలేదు.

సాయిబు గొట్టం చూసి నొచ్చుకున్నాడు. "తప్పు నాదే తమ్ముడూ. అతికినాక ఇనప బ్రష్షుతో రుద్దా. ఆ ఇనప రజను స్టీలుకు అంటుకుంది. తుప్పు పట్టింది ఆ రజనుకి, స్టీలుకి కాదు" అన్నాడు. నిమ్మకాయ కోసి, బూడిద అద్ది, కొబ్బరి పీచుతో రుద్దాడు. చుక్కలు పోయాయి. కింద లోహం నున్నగా ఉంది. ఉలి మొన పెట్టి గట్టిగా గీకి చూపించాడు.

"చూడు. పైపైదే. లోపలికి దిగదు."

"మొదట్లో అది కూడా పైపైదే అనుకున్నా భాయ్" అన్నాడు మా ఆయన.

సాయిబు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత మా ఇంట్లో పొద్దు పొడవటం అంటే చింతపండు నానబెట్టటమే. ఆయన బండి కింద పడుకుని, చెయ్యి దూరే చోటా దూరని చోటా పుల్లకు పీచు కట్టి రుద్దేవాడు. చుక్క కనపడినా రుద్దేవాడు, కనపడకపోయినా రుద్దేవాడు. ఆ పులుపుకు వేళ్ళు పగిలి నెత్తురు కారేది. రుద్దటం అయ్యాక స్క్రూడ్రైవరుతో గొట్టం పొడుగునా పొడిచి చూసేవాడు. నేల తేమకు దగ్గు ముదిరింది. ఒకరోజు నాకు ఒళ్ళు మండి, "ఎంత రుద్దినా అమ్మ రాదయ్యా" అనేశాను. ఆయన కింది నుంచి కళ్ళు ఎత్తి, "నీకు ఏమన్నా అయితేనో?" అన్నాడు. నన్ను ఎక్కనివ్వని బండి గురించి ఆ మాట అన్నాడు. నేను లోపలికి వచ్చి పొయ్యి ముందు కూచున్నాను.

వదిన మొగుడు విషజ్వరంతో పోయాడు. అత్తింటి వాళ్ళు ఆమెను, పిల్లల్ని ఉండనివ్వలేదు. పోవటానికి మా ఇల్లు తప్ప ఇంకో చోటు లేదు. కబురు నాకు వచ్చింది, తమ్ముడికి కాదు. నేను వెనక బాడీలో ఎక్కి, ఇద్దరం బండి తీసుకుని పోయి, సిమెంటు వేసుకుని తిరిగొస్తూ రాజుపాలెంలో ఆగాం. ఆయన గడప బయటే నిలబడ్డాడు. ఒక ట్రంకుపెట్టె, కొన్ని గిన్నెలు, ముగ్గురు పిల్లలు. సామాను ఎక్కించాక ఆయన, అన్నాళ్ళూ ఎవరినీ కూచోనివ్వని సీటు మీద దుమ్ము దులిపి పక్కకు జరిగి నిలబడ్డాడు. వదిన అటు చూడనైనా లేదు. పిల్లల్ని ఒక్కొక్కరిని పైకి అందించి, తనూ ఎక్కి సిమెంటు బస్తాల మీద కూచుంది. నేనూ ఆమె పక్కన ఎక్కాను. నెత్తిన ఎండ. ఆయన ఒక్కడే ముందు.

గురజాల దాటాక వదిన అడిగింది. "ఇక్కడేనా?"

"ఇంకాస్త ముందు. ఆ చప్టా కాడ."

చప్టా రాగానే ఆమె క్యాబిను కప్పు మీద అరచేత్తో బాదింది. బండి ఆగింది. దిగింది. వాగులో చెప్పు తడవనన్ని నీళ్ళున్నాయి. కాసేపు అటూ ఇటూ చూసి, వెనక్కు వచ్చి, బండి పక్కన మోకాళ్ళ మీద కూచుని కిందకు వంగింది. గొట్టం మెరుస్తోంది. చెయ్యి చాచి ముట్టుకుంది. చురుక్కున కాలి వెనక్కు లాక్కుంది. మా ఆయన దిగి వచ్చి, "కాలిద్ది అక్కా" అన్నాడు.

ఆమె కాలిన వేళ్ళు కొంగులో పెట్టుకుని లేచింది. "ఇంత మెరిసి ఏం లాభంరా" అంది. గొంతులో కోపం లేదు. మళ్ళీ ఎక్కి బస్తాల మీద పిల్లల మధ్య కూచుంది. బండి చాలాసేపు కదల్లేదు. ముందు నుంచి దగ్గో ఏడుపో తెలియని చప్పుడు వస్తూ ఉంది. పెద్దపిల్ల, "మామయ్యకి ఏమయిందత్తా?" అని నన్ను అడిగింది.

వదిన మా ఇంట్లోనే ఉండిపోయింది. తమ్ముడితో కావలసిన మాటలే మాట్లాడేది. నీళ్ళు తోడాను, అన్నం పెట్టాను, అంతవరకే. ఆ ఏడే ఆయనకు బండి నడిపే ఓపిక పోయింది. గుంటూరు ఆసుపత్రిలో ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. లారీని దాచేపల్లి ఆయన ఎవరో కొనుక్కుని పోతుంటే, మా ఆయన వాకిట్లో మంచం మీద నుంచి, "గొట్టం చూసుకో నాయనా, పైన కూడా చెయ్యి పెట్టి చూసుకో" అని చెప్పాడు. కొన్నాయన నవ్వి, తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆఖరు నెలల్లో గంజి తాగించింది వదినే. నేను క్వారీ పనికి పోయేదాన్ని, ఇల్లు గడవాలి గదా. ఒకరోజు పని నుంచి వచ్చేసరికి ఆయన తల వదిన ఒళ్ళో ఉంది. ఊపిరి ఆడటానికి విసనకర్రతో విసురుతోంది. "నోరు తెరువురా" అంటోంది. ఆయన తెరిచాడు. క్షమించానని ఆమె అనలేదు, ఆయన అడగలేదు. ఆ వారంలోనే పోయాడు. అత్తమ్మ పక్కనే పెట్టాం.

పిల్లల్ని మేమిద్దరమే పెంచాం. రాజుపాలెంలో బాప్తిస్మం ఇప్పించిన చిన్నవాడు పెద్దవాడయ్యాక లారీ నేర్చుకుంటానన్నాడు. వదినా నేనూ ఒక్కసారే వద్దన్నాం. ఎందుకని వాడు అడిగితే, వదిన బియ్యం చేట కింద పెట్టి, వాణ్ణి దగ్గర కూచోబెట్టుకుని, మొదటి నుంచి అంతా చెప్పింది. చెప్పేటప్పుడు మా ఆయనను "నా తమ్ముడు" అంది.